రెండు పౌన్లా, ఒక పౌనా

ఆ ఉదయం ఒనైడా స్టిడమ్ ప్యాంటు మూడోసారి జారింది. పదకొండో నంబరు మెషీన్ వెనక్కి వంగి నీళ్ల గొట్టం బిగిస్తుంటే నడుం మీద ఉండాల్సింది ఒకవైపు తుంటి దాకా దిగింది. ఎలాస్టిక్ ప్యాంటుకి రెండు పౌన్ల పైచిలుకు ఇనుము తగిలిస్తే అది మాత్రం ఏం చేస్తుంది! దుప్పట్లు ఉతుక్కోడానికి వచ్చిన ముసలావిడ చూసీ చూడనట్టు మొహం తిప్పుకుంది. ఒనైడా ఒక చేత్తో ప్యాంటు, ఇంకో చేత్తో పిస్తోలు పట్టుకుని వెనకగదిలోకి పరిగెత్తింది. యాభై తొమ్మిదేళ్ల వయసులో ఇదేం ఖర్మ అనుకుంది. ఏడుపూ వచ్చింది, తిట్లూ వచ్చాయి. తిట్లే ముందొచ్చాయి.

కొండల మధ్యనున్న టక్కర్స్ ఫోర్డ్ ఊళ్లో నాణేలేసి బట్టలుతుక్కునే లాండ్రీ ఇదొక్కటే. కోళ్ల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు దిగినవాళ్లు నెత్తుటి మరకల బట్టలతో తిన్నగా ఇక్కడికే వస్తారు కాబట్టి, తెల్లారకముందే, ఐదుంబావుకల్లా తలుపు తియ్యాలి. ఇరవై రెండేళ్లుగా ఒనైడా ఒక్కతే తీస్తోంది. కిందటేడు దాకా ఆ తలుపు తియ్యడానికి ఆమెకెప్పుడూ భయం వెయ్యలేదు.

కిందటేడు ఫిబ్రవరిలో ఆమె చెల్లెలి కూతురు కెయిలీన్, చంటిబిడ్డని చంకనేసుకుని, ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయి, ఈ తలుపు నెట్టుకునే లోపలికొచ్చి పడింది. వెనకాలే మొగుడు లోనీ క్రీచ్ వచ్చాడు. డ్రైయర్ల మధ్య వాడు చేసిందంతా ఒనైడా చూసింది. చూసింది చూసినట్టు కోర్టులో చెప్పింది. వాడికి పద్నాలుగు నెలలు పడింది. బేడీలతో బయటికి తీసుకెళ్తుంటే ఆమె బెంచీ దగ్గర ఒక్క క్షణం ఆగాడు. "పొద్దున్నే తలుపు తీసేది నువ్వేగా, అత్తా," అన్నాడు, కుశలం అడిగినట్టు. కెయిలీన్ బిడ్డతో ఒహాయో వెళ్లిపోయింది. ఒనైడాకి వెళ్లడానికి చోటు లేదు. లోనీ రెండు వారాల్లో, శుక్రవారం నాడు విడుదలవుతున్నాడని షెరీఫ్ ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. అంటే ఆ మర్నాడు శనివారం పొద్దుట తలుపు తీసేటప్పటికి వాడు ఊళ్లో ఉంటాడు.

ఆ ఫోనొచ్చిన సాయంత్రమే ఆమె భర్త హార్లన్ తుపాకుల కొట్టుకి వెళ్లి ఒక రివాల్వర్ కొనుక్కొచ్చాడు. ఆ కొండల్లో మగాళ్లు పెళ్లాలకి తుపాకీ కొనేటప్పుడు పెళ్లాల్ని కొట్టుకి తీసుకెళ్లరు. బట్టల కొట్టుకైతే తీసుకెళ్లాలిగాని దీనికెందుకు అన్నట్టు ఉంటుంది వాళ్ల వరస. ఐదు తూటాల బుల్లి రివాల్వరు. ఊదారంగు పిడి. తూకం ఒక పౌనుకి కాస్త తక్కువే.

"పట్టుకు చూడు, దూదిపింజలా ఉంది," అన్నాడు హార్లన్. కరెంటు స్తంభాలెక్కే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, అరచెయ్యి చేటంత ఉంటుంది. "ఆడాళ్లందరూ ఇదే తీసుకెళ్తారని కొట్టువాడు చెప్పాడు. తేలిగ్గా ఉంటుంది, నీ బొటనవేలి నొప్పికి హాయి."

తేలిగ్గా ఉన్నది తేలిగ్గా పేలుతుందని వాళ్లందరి లెక్క. తుపాకీ సంగతి సరిగ్గా తిరగబడి ఉంటుంది. తూటా వెనక్కి తన్నే తన్ను ఎవరో ఒకరు భరించాలి. ఇనుము భరించకపోతే చెయ్యి భరిస్తుంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి తుపాకుల మధ్యే బతికిన మగాళ్లకి ఇది తెలీక కాదు. పెళ్లాం చేతిలో చిన్నది బాగుంటుందన్న ముచ్చట ముందు తెలిసింది కాస్తా మర్చిపోతారు.

ఆదివారం చర్చి అయ్యాక పాత రాళ్ల క్వారీకి వెళ్లారు. హార్లన్ తమ్ముడు డెల్బర్ట్ కూడా వచ్చాడు. డెల్బర్ట్‌కి తుపాకుల మీద తెలీని విషయం లేదు, అడక్కుండా చెప్పని విషయమూ లేదు. కాగితపు పళ్లెం ఒకటి రాతికి ఆనించి, ఏడు గజాల దూరంలో ఒనైడాని నిలబెట్టారు. మొదటి తూటాకి అరచేతిలో ఎవరో సుత్తితో కొట్టినట్టయింది. మూడోదానికి బొటనవేలి మొదట్లో నిప్పు రాజుకుంది. నాలుగోదానికి ఆమె ముందే కళ్లు మూసుకుంది. ఐదూ అయ్యాక చూస్తే పళ్లెం అంచుకి ఒకే ఒక్క చిల్లు.

"భయపడకు వదినా, ఊపిరి బిగపట్టకు," అన్నాడు డెల్బర్ట్.

"భయం కాదయ్యా, నొప్పి! తేడా తెలుసా నీకు?"

అప్పుడు డెల్బర్ట్ తన దగ్గరున్న ఉక్కు పిస్తోలు ఇచ్చాడు. ఎత్తితే ముంజెయ్యి కిందికి లాగింది. కాని పేలిస్తే, ఆశ్చర్యం, భుజం మీద తట్టినట్టు తప్ప ఏమీ లేదు. ఎనిమిదింటికి ఏడు పళ్లెంలో పడ్డాయి.

"అదీ! బరువే బలం. ఇది నా దగ్గర రెండోది, నువ్వుంచుకో," అన్నాడు డెల్బర్ట్.

"రోజూ నడుంకి కట్టుకునేది అదా? మధ్యాహ్నానికి తీసి సొరుగులో పడేస్తుంది," అన్నాడు హార్లన్. "నీ దగ్గర లేని తుపాకీ ఎంత మంచిదైతే ఏం లాభం?"

"తగల్ని తుపాకీ నీ దగ్గరుంటే మాత్రం ఏం లాభం?"

ఇద్దరి మాటా నిజమే. ఒనైడాకి ఒళ్లు మండింది కూడా అందుకే. తేలికది నడుం మీద సుఖం, చేతికి నరకం. బరువుది చేతికి సుఖం, నడుం మీద నరకం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. గట్టున నిలబడి ఏది లోతో వాదించుకునేందుకు ఇద్దరు అన్నదమ్ములు.

ఆ వారమంతా ఆమె రెండూ మోసి చూసింది. తేలికదాన్ని ఏప్రన్ జేబులో వేసుకుంటే డెల్బర్ట్ కెవ్వుమన్నాడు. ఆ జేబులో ఇంకేమీ ఉండకూడదట, ఒక్క నాణెం ట్రిగ్గర్ వెనక చిక్కుకున్నా ప్రమాదమట. లాండ్రీ నడిపే మనిషి జేబులో నాణెం లేకుండా ఎలా ఉంటుంది? గంటకి పదిమంది చిల్లర అడుగుతారు. సాయంత్రం తీసి చూస్తే రివాల్వరు గొట్టం నిండా డ్రైయర్ నూగు పేరుకుని ఉంది. బరువుదైతే ప్యాంటుని ఈడ్చింది, తుంటి మీద కమిలి నల్లబడింది, కూర్చుంటే పక్కటెముకల్లో పొడిచింది. బిగువైన తోలు బెల్టు కట్టమన్నారు. బెల్టుకి గట్టి ప్యాంటు కావాలి. గట్టి ప్యాంటేసుకుని రోజుకి నూటయాభైసార్లు వంగి చూడమనాలి ఆ చెప్పేవాళ్లని.

"కొన్నాళ్లకి అలవాటవుతుంది," అన్నాడు హార్లన్, రోజూ.

విడుదల వారంలో ఆదివారం డెల్బర్ట్ ఇంట్లో భోజనం. ఉడికించిన చిక్కుడు గింజలు, మొక్కజొన్న రొట్టె, వేయించిన బంగాళాదుంపలు. తిండి సగంలో ఉండగానే డెల్బర్ట్ లేచివెళ్లి ఒక సొరుగుని సొరుగుగానే ఊడదీసి తెచ్చి బల్ల మీద పెట్టాడు. అందులో తుపాకీ ఒరలు. తోలువి, ప్లాస్టిక్‌వి, చంకలోవి, చీలమండవి. ఆ వైపు ప్రతి ఇంట్లోనూ ఇలాంటి సొరుగొకటి ఉంటుంది, డెల్బర్ట్‌ది నిండి పొర్లుతోంది.

"ఇందులో ఏదో ఒకటి నీకు సరిపోతుంది వదినా. సరైన ఒర దొరికితే బరువే తెలీదు."

ఒనైడా ఆ కుప్పని చూసింది. పద్దెనిమిది ఒరలు లెక్కపెట్టింది. ఆమెకి చప్పున ఒక సంగతి తట్టింది.

"డెల్బర్ట్, సరైనది ఒకటి దొరికితే మరి పద్దెనిమిది ఎందుకున్నాయి?"

"అంటే... ఒక్కోటి ఒక్కో..."

"ఇప్పుడు నీ ఒంటి మీద ఏది ఉంది?"

డెల్బర్ట్ నమలడం ఆపాడు.

"చొక్కా ఎత్తు. ఇద్దరూ ఎత్తండి. ఒంటి మీదున్నది తీసి బల్ల మీద పెట్టండి. నేను నాది పెడుతున్నా." రెండు పౌన్ల ఇనుము రొట్టె పళ్లెం పక్కన దిగింది.

డెల్బర్ట్ పొట్ట తడుముకుని, ఈమధ్య బొజ్జకి గుచ్చుకుంటోందని, పక్కగదిలో ఉందని గొణిగాడు.

"నీదో?" అంది భర్తని.

"బండిలో ఉంది."

"బండిలో ఎక్కడ?"

"సీటు కింద."

"ఎప్పట్నుంచి?"

హార్లన్ బంగాళాదుంపల వైపు చూస్తూ, "నడుం ఆపరేషనైన దగ్గర్నుంచి," అన్నాడు. అంటే రెండేళ్లు.

ఒనైడా నవ్వింది. అది నవ్వు కాదని ఇద్దరికీ తెలుసు. "రెండు వారాలుగా నా ప్రాణం తోడేశారు! ఇన్ని ఔన్సులు, అన్ని ఔన్సులు, అలవాటవుతుంది, అలవాటవుతుంది! మీకెవరికీ అలవాటు కాలేదే? ఒడ్డున కూర్చుని ఈత నేర్పుతున్నారా నాకు?"

"మా మీదికి ఎవడూ రావట్లేదుగా," అన్నాడు హార్లన్ నెమ్మదిగా.

"ఆఁ, అదీ మాట! వాడు వచ్చేది నా మీదికి. శనివారం పొద్దున్న ఐదింటికి నువ్వెక్కడుంటావు?"

జవాబు ముగ్గురికీ తెలుసు. శనివారం టర్కీ కోళ్ల వేటకి తొలిరోజు. పెళ్లైన ముప్పై నాలుగేళ్లలో ఆ రోజు తెల్లవారేసరికి హార్లన్ అడవిలో చెట్టుకానుకుని ఉండని ఏడాది లేదు. పెద్ద కూతురు పుట్టిన రోజున కూడా అక్కడే ఉన్నాడు.

"అందుకేగా బరువుది పెట్టుకోమంటున్నా..." అని మొదలుపెట్టి ఆపేశాడు. మొన్నటి దాకా తను వాదించింది తేలికదాని కోసమని గుర్తొచ్చినట్టుంది.

"తుపాకీ తెచ్చిచ్చేవాళ్లున్నారు, ఒర ఇచ్చేవాళ్లున్నారు, బెల్టు కొలతలు చెప్పేవాళ్లున్నారు. భయమేస్తోందా అని అడిగినవాడు ఒక్కడు లేడు!" ఏడవకూడదనుకుంది, ఏడ్చింది, ఏడ్చినందుకు ఇంకా కోపమొచ్చింది. ఊదా పిడి రివాల్వరు సంచిలోంచి తీసి భర్త ముందు పెట్టింది. "ఇది నువ్వుంచుకో. నడుం ఆపరేషనైందిగా, తేలిగ్గా ఉంటుంది."

బరువుదే తీసుకుంది. ఇష్టమై కాదు, విసుగెత్తి. సోమవారం మగాళ్ల బట్టల కొట్టుకెళ్లి గట్టి జీన్సు ప్యాంటు, మందపాటి బెల్టు కొనుక్కుంది. తుంటి మీద మందు రాసుకుంటూ, వంగినప్పుడల్లా డెల్బర్ట్‌ని, కొట్టువాణ్ణి, మొగుణ్ణి వరసగా తిట్టుకుంటూ ఐదురోజులు గడిపింది. ఇంట్లో మొగుడితో ఉప్పందుకో, తలుపెయ్యి తప్ప మాటల్లేవు.

శనివారం ఆమె లేచేసరికి హార్లన్ పక్క ఖాళీగా ఉంది. వాకిట్లో డెల్బర్ట్ బండి వచ్చి వెళ్లిన చక్రాల గుర్తులు తడిమట్టిలో కనబడ్డాయి. అనుకున్నదేగా, అనుకుంది. లాండ్రీ ముందు బండి ఆపి, దీపాల వెలుగులో చుట్టూ చూసి, తాళం తీసింది.

పది నిమిషాలకి బయట బూట్ల చప్పుడైంది. ఒనైడా చొక్కా అంచు పట్టుకుని ఊపిరి బిగబట్టింది.

"నేనే, నేనే!" అన్నాడు హార్లన్ తలుపవతల నుంచే. ఒళ్లంతా వేట బట్టలు, మొహమంతా అడవిలో కనబడకుండా పూసుకున్న ఆకుపచ్చ రంగు. మోకాళ్ల దాకా బురద.

"మరి నీ టర్కీ కోళ్ల వేట?"

"డెల్బర్ట్ చూసుకుంటాడు. సగం దూరం వెళ్లాక దిగి నడిచొచ్చా." ప్లాస్టిక్ కుర్చీ ఒకటి ఈడ్చుకొచ్చి ఆమె బట్టలు మడతపెట్టే బల్ల పక్కన వేసుకున్నాడు. కోళ్ల ఫ్యాక్టరీవాళ్లు వస్తూ ఆ ఆకుపచ్చ మొహాన్ని చూసి మాటలు మింగేసి మెషీన్లలో బట్టలేసుకున్నారు. అరగంట కాకముందే హార్లన్ కుర్చీలో అటూ ఇటూ మెసిలాడు. కోటు జేబులో ఊదా పిడిది పొడుస్తోందన్నాడు.

"ఒక్క పౌనేగా, అలవాటవుతుంది," అంది ఒనైడా.

ఏడు దాటాక లోనీ బండి వచ్చింది. ఆ డొక్కు సైలెన్సర్ చప్పుడు ఆమె నిద్రలో విన్నా గుర్తుపడుతుంది. అద్దాల తలుపుకి ఎదురుగా ఆగింది. ఇంజను ఆపలేదు. వాడు దిగలేదు, స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని లోపలికి చూస్తూ కూర్చున్నాడు. చిక్కిపోయాడు. పక్క మెషీన్ల దగ్గరున్న ఇద్దరు మనుషులు చేస్తున్న పని ఆపేశారు.

ఒనైడా చెయ్యి నడుం వైపు కదిలింది. కదిలి, ఆగిపోయింది. ఏదో దాన్ని గట్టిగా పట్టేసింది. చూస్తే హార్లన్. జేబులోని తుపాకీ సంగతే ఆయనకి గుర్తులేదు. ఆ చేటంత అరచెయ్యి భయంతో ఆమె ముంజేతిని చుట్టేసి పట్టుకుంది. విడిపించుకోబోయింది, వల్లకాలేదు. ఆమె జీవితంలో అంత పొడవైన నిమిషం లేదు.

లోనీ హార్లన్ ఆకుపచ్చ మొహం వైపు కాసేపు చూశాడు. తర్వాత గేరు మార్చి వెళ్లిపోయాడు. మళ్లీ రాడని ఎవరూ అనుకోలేదు.

"ఎప్పట్నుంచి నీకిలా భయమేస్తోంది?" అన్నాడు హార్లన్.

"సాక్ష్యం చెప్పిన రోజు నుంచి. రోజూ పొద్దున్నే."

"నాకు చెప్పలేదే?"

"నువ్వు ఔన్సులు లెక్కపెడుతున్నావుగా."

హార్లన్ తలొంచుకున్నాడు. చెయ్యి మాత్రం వదల్లేదు. "సోమవారం నుంచి రోజూ వస్తా," అన్నాడు. "ఎన్నాళ్లు కావాలంటే అన్నాళ్లు."

ఒనైడా ఎర్రగా కందిన తన ముంజేతినీ, దాన్ని వదలని ఆ బురద చేతినీ చూసుకుంది. తిట్టాలనిపించింది, మీదపడి ఏడవాలనిపించింది.

"రా," అంది. "కాని ఎడంపక్కన కూర్చో. నువ్వు పట్టుకున్నది నేను పిస్తోలు తీసే కుడిచెయ్యి."