డ్రైవరు వైపు లైటు

మా బావ లారీలో ఏదో ఒక లోపం దొరకాలని ఆ సాయంత్రం మొక్కుకున్నంతగా నేను ఎప్పుడూ దేనికీ మొక్కుకోలేదు. లోపాలు వెతికి బాగుచేయడమే నాకు కూడు పెట్టే పని. బండి బాగానే ఉందని తేలుతుంటే చెమటలు పట్టడం మాత్రం అదే మొదటిసారి.

బావ అంటే మా అక్క మొగుడు. ఆయన లారీకి ఇంచుమించు నా వయసుంటుంది. పొద్దువాలే వేళకు కోడిగుడ్ల ట్రేలు ఎక్కించుకుని బయల్దేరి, తెల్లారేసరికి దూరపు మార్కెట్లో దించి రావడం ఆయన పని. పక్క సీట్లో అక్క కూడా వెళ్తుంది. ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని ఏం చేయాలంటుంది.

ఆ వారంలో రెండుసార్లు గండం తప్పింది. మొదట బండి ఎడమపక్క అద్దం కరెంటు స్తంభానికి తగిలి ముక్కలైంది. తర్వాత, ముందు రోజు రాత్రే, రోడ్డు వారగా సైకిలు నడిపించుకుంటూ పోతున్న ఒక ముసలాయన వెంట్రుకవాసిలో బతికిపోయాడు.

"లైట్లు గుడ్డిగా వెలుగుతున్నాయిరా. చార్జింగు అందడం లేదు. బయల్దేరేలోగా చూసిపెట్టు" అంటూ బావ సరుకుతో సహా బండిని నా షెడ్డులోకి తోలుకొచ్చాడు.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఎక్కడ గీసుకున్నా డ్రైవర్లు తప్పును లైట్ల మీదకే నెడతారు. ఇంకొకరైతే ఆ మాట మొహానే అనేసేవాణ్ని. బావతో అనలేకపోయాను. ఎందుకంటే బండి దిగి నా వైపు వస్తూ ఆయన పనిముట్ల బల్లకు తొడ కొట్టుకున్నాడు. బల్ల ఆయనకు ఎడమపక్కన ఉంది. నేను షెడ్డు పెట్టిన రోజు నుంచీ అక్కడే ఉంది. అద్దం పగిలిందీ ఎడమపక్కే.

మొదట బ్యాటరీలు చూశాను. బావ నా భుజం మీదుగా మీటరులోకి తొంగిచూస్తున్నాడు.

"పోయాయా?" అన్నాడు ఆశగా.

"లేదు బావా. గుండ్రాళ్లలా ఉన్నాయి."

"అయితే డైనమోనే. నేను ముందే అనుకున్నా."

బండిలోనే కూర్చుని ఉన్న అక్కను ఇంజను వేయమన్నాను. మీటరు ముల్లు ఇరవై ఎనిమిది వోల్టుల దగ్గరకు పోయి అక్కడే కూర్చుంది. ఆ బండికి అంతకంటే ఏం కావాలి? ఆ డైనమోను పీకి నేలకేసి కొట్టాలన్నంత కోపం వచ్చింది నాకు. ఇంజను ఆపించి బెల్టును బొటనవేలితో నొక్కి చూస్తే కొంచెం వదులుగా తగిలింది. దేవుడా అనుకుని బిగించాను. మళ్లీ ఇంజను వేయిస్తే మీటరు అదే అంకె చూపించింది.

"అంతా బాగుందని చెప్పే మెకానిక్కుని నిన్నొక్కణ్నే చూశానురా" అన్నాడు బావ. నవ్వాడు కానీ ఆ నవ్వు పెదవులు దాటలేదు. "సరిగ్గా చూడు. ఏదో ఒకటి ఉండే ఉంటుంది."

ఉండాలి. లేకపోతే ఆ లోపం ఎక్కడుందో నేనే నోరు తెరిచి చెప్పాలి. స్టీరింగు తప్ప ఇంకో పని ఎరగని మనిషికి ఆ మాట ఎలా చెప్తాం? చెప్పకపోతే, అరచేతిలో ప్రాణాలు పెట్టుకుని పక్కన కూర్చునేది నా తోడబుట్టినదే. ఈ రాత్రి ఎవరు సైకిలు నడిపించుకుంటూ పోతుంటారో ఎవరికి తెలుసు?

చివరికి బంపరు కింద దూరి లైటు ప్లగ్గు దగ్గర మీటరు పెట్టాను. ఇరవై ఒకటి. డైనమో దగ్గర ఉన్న కరెంటు లైటు దాకా రావడం లేదు. వైరు పట్టుకుని వెతుక్కుంటూ పోతే ఛాసిస్‌కు బిగించిన ఎర్తు బోల్టు కనిపించింది. పచ్చటి చిలుము పట్టి, వైరు రెండు పోగుల మీద వేలాడుతోంది. నా ప్రాణం లేచొచ్చింది. పోయిన గొలుసు దొరికినవాడిలా ఆ బోల్టు పట్టుకుని బయటికి వచ్చాను.

"ఇదీ సంగతి! చూడు బావా, లైట్లు నిజంగానే గుడ్డివైపోయాయి."

బావ ఆ తుప్పు బోల్టును తన చేతిలోకి తీసుకుని ముద్దు పెట్టుకున్నంత పని చేశాడు. "చెప్పలేదూ? చెప్పలేదూ?" అని అక్క వైపు తిరిగాడు. అక్క మాత్రం నవ్వలేదు. ఒక లోపం దొరకగానే పండగ చేసుకోవద్దని, దాని చాటున రెండోది నక్కి ఉంటుందని నాకు పని నేర్పిన గురువు వందసార్లు చెప్పాడు. ఆ మాట గుర్తొచ్చింది. గుర్తొచ్చినా పక్కకు తోసేశాను.

గరుకు కాగితంతో బోల్టు చోటు మెరిసేలా రుద్ది, కొత్త వైరు వేసి బిగించాను. ఒక్కో లైటు దగ్గర మీటరు పెట్టి చూసుకుందామని డ్రైవరు వైపు లైటు ప్లగ్గు పీకాను. సరిగ్గా అప్పుడే బండికి ఎదురుగా నిలబడి ఉన్న బావ కేక వేశాడు.

"లైట్లు వెయ్యవే, చూద్దాం."

అక్క స్విచ్చు వేసింది. షెడ్డులో అప్పటికే మసక కమ్ముకుంది. ఒక పక్క లైటు భగ్గుమని వెలిగింది. నా పక్కది చీకటిగానే ఉంది.

"అద్దీ!" అన్నాడు బావ. "రెండూ పట్టపగల్లా ఉన్నాయిరా. సమానంగా ఉన్నాయి."

ప్లగ్గు నా చేతిలోనే ఉంది. నేను ఉన్నది ఆయనకు ఎడమవైపు. తలెత్తి ముందద్దంలోంచి అక్కను చూశాను. ఆశ్చర్యపోతుందనుకున్నాను. అక్క కళ్లు మూసుకుంది.

ప్లగ్గు వదిలేసి ఆమె తలుపు దగ్గరకు వెళ్లాను. ఇంజను చప్పుడులో మా మాటలు బావకు వినిపించవు.

"ఎప్పట్నుంచే?"

"వానలకు ముందు నుంచి. ఎడమపక్క ఎవరొచ్చినా నేనే చెప్తున్నా. ఇద్దరం కలిసి నెట్టుకొస్తున్నాం. రాత్రి ఆ ముసలాయనప్పుడు నాకు కునుకు పట్టిందిరా."

లైటు దగ్గరకు తిరిగొచ్చి, వేలాడుతున్న ప్లగ్గును మళ్లీ చేతిలోకి తీసుకున్నాను.

"ఏమిట్రా అక్కాతమ్ముళ్ల గుసగుసలు? కానివ్వండి, పొద్దుపోతోంది" అంటూ బావ ముందుకొచ్చాడు. బయల్దేరే ముందు లైట్ల అద్దాలు చేత్తో తుడవడం ఆయనకు అలవాటు. వెలుగుతున్న దాన్ని తుడిచి, వేడికి చెయ్యి విదిలించాడు. రేడియేటరు జాలీ పట్టుకుని రెండోదాని దగ్గరకు వచ్చి దాని మీద అరచెయ్యి పెట్టాడు. తియ్యలేదు.

"ఇది చల్లగా ఉందేమిట్రా?"

ఆయన తల పూర్తిగా అటు తిప్పి చీకటిగా ఉన్న ఆ అద్దంలోకి చూశాడు. తర్వాత నా చేతిలోని ప్లగ్గును చూశాడు. చెయ్యి మాత్రం ఆ అద్దం మీదే ఉండిపోయింది.

ఆయన జేబులో ఫోను మోగింది. గుడ్ల ఆసామి. బయల్దేరారా అని అడుగుతూ ఉంటాడు.

"బండి బాగైందండి. మా బావమరిది బాగా చేశాడు" అన్నాడు బావ. అవతల ఏమన్నారో, కాసేపు విన్నాడు. "లేదండి, నేను రాను. ఇంకో డ్రైవర్ని పంపండి."

అక్క ఇంజను ఆపేసింది.

"నాకు కనిపించడం లేదండి" అన్నాడు బావ.