వచ్చినవాళ్లు, పోయినవాళ్లు

ఫిబ్రవరి రెండో ఆదివారం వచ్చిందంటే అమెరికాలోని పోర్ట్ హాడ్లీలో జనం చర్చి నుంచి ఇంటికి వచ్చీ రాగానే పత్రికలో ఆటల పేజీ తీసేవారు. ఆటల విలేకరి నార్బర్ట్ హాసెక్ జాబితా ఆ రోజే వచ్చేది. చలికాలంలో బేస్‌బాల్ ఉండదు గాని ఆటగాళ్ల బేరాలు ఆగవు. ఏ జట్టు ఎవరిని తెచ్చుకుంది, ఎవరిని వదులుకుంది, మొత్తం మీద ఎవరు బలపడ్డారు, ఎవరు చితికిపోయారు అని తేల్చి ఇరవై ఆరు జట్లనూ వరసలో నిలబెట్టడం హాసెక్ పని. ఒక్కో జట్టు కింద రెండు గళ్లు ఉండేవి, వచ్చినవాళ్లకొకటి, పోయినవాళ్లకొకటి. ఒక్కో పేరు పక్కన ఒక్క వాక్యం. పంతొమ్మిదేళ్లుగా రాస్తున్నాడు. ఆ వాక్యాల కోసమే జనం చదువుతారని అతనికి తెలుసు.

1986లో ఊరి జట్టు ఫెర్రీమెన్‌కు హాసెక్ మూడో స్థానం ఇచ్చాడు. సరస్సు ఒడ్డున రెండో ఉక్కు మిల్లు కూడా మూతపడిన ఏడాది అది. ఊళ్లో సంతోషించడానికి మరేమీ లేదు. కొత్త క్యాచర్ వచ్చాడు, పాతికేళ్లవాడు, బ్యాటు ఝళిపిస్తే బంతి స్టాండ్స్‌లో పడుతుంది. అతని కోసం జట్టు పాత క్యాచర్ ఎమ్మెట్ టార్వర్‌ను వదిలేసింది. టార్వర్‌కు ముప్ఫై ఆరేళ్లు. పదకొండేళ్లు ఆ ఊరి జట్టుకే, బ్యాటర్ వెనక ముసుగు వేసుకుని గొంతుక్కూర్చుని గంటలకొద్దీ బంతులు అందుకుని, మోకాళ్లు అరగదీసుకున్నాడు.

జాబితాలో మిగతావన్నీ శనివారం మధ్యాహ్నానికే పూర్తయ్యాయి. టార్వర్ పేరు పక్కన మాత్రం ఖాళీ ఉండిపోయింది. హాసెక్ మొదట 'మంచి మనిషి, మంచి ఆటగాడు' అని రాసి కొట్టేశాడు. చప్పగా ఉంది. సిగరెట్ వెలిగించుకుని కాసేపు కిటికీలోంచి మంచు చూశాడు. తర్వాత టైపు చేశాడు: 'టార్వర్: ఇతను పోవడాన్ని నష్టం కింద రాయడం అన్యాయం, ఈ చలికాలంలో మనవాళ్లు చేసిన అతి గొప్ప కొనుగోలు ఇదే.' రాసి తనే నవ్వుకున్నాడు. ప్రూఫులు చూసేవాడు కూడా పగలబడి నవ్వాడు. దాంతో ఆ వాక్యం నిలిచిపోయింది.

ఆదివారం సాయంత్రానికి రేడియోలో ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివారు. సోమవారం పొద్దున హాసెక్ బెర్నిస్ నడిపే హోటల్లో టిఫిన్‌కు వెళ్తే, ఆవిడ ఆ పేజీని కత్తిరించి గోడకు అంటించింది. పని పోయిన మిల్లు మనుషులు నలుగురు లేచి వచ్చి అతని భుజం తట్టారు. పోయిన ఏడాది టార్వర్ చేతిలో ఎన్ని ఆటలు పోయాయో వాళ్లే గుర్తు చేశారు. అవతలి జట్టువాళ్లు సందు చూసుకుని తర్వాతి బేస్‌కు దొంగపరుగు తీస్తుంటే అతను విసిరిన బంతి ఒకసారి కూడా సమయానికి చేరలేదని ఒకడు అనుకరించి చూపించాడు. అందరూ నవ్వారు. హాసెక్ కూడా నవ్వాడు గాని, ప్లేటులో గుడ్డు సగం వదిలేసి లేచాడు.

ఎందుకంటే ఆ బంతి ఎందుకు చేరలేదో అతనికి తెలుసు.

జట్టులో ఆటగాళ్ల దెబ్బలకు కట్లు కట్టే మార్వ్ పిస్కోర్, హాసెక్‌కు పాత స్నేహితుడు. పోయిన సెప్టెంబరులో ఒక రోజు స్టేడియం వెనక కార్ల దగ్గర నిలబడి మార్వ్ ఉన్నట్టుండి కళ్లు తుడుచుకున్నాడు. జులైలోనే టార్వర్ కుడిచేతి బొటనవేలు విరిగిందట. రెండో క్యాచర్ అప్పటికే మంచంలో ఉన్నాడు. ఇంకెవరూ లేరని మేనేజరు బతిమాలాడు. బయట ఎవరికీ చెప్పకుండా వేలికి పట్టీ చుట్టుకుని టార్వర్ నలభై మూడు ఆటలు ఆడాడు. బంతి పట్టు చిక్కేది కాదు. స్టేడియమంతా ఎగతాళి చేస్తున్నా ఒక్క మాట బయటికి రానివ్వలేదు. ఇది రాయకు, నా ఉద్యోగం పోతుంది అన్నాడు మార్వ్. రాయనని హాసెక్ మాటిచ్చాడు. ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా.

ఆ సోమవారం మధ్యాహ్నమే మార్వ్ పత్రిక ఆఫీసుకు ఫోన్ చేశాడు. తిట్టలేదు.

"రాయొద్దన్నది వేలి సంగతి. ఇలా రాయమని అనలేదుగా నేను" అన్నాడు. హాసెక్ ఏదో చెప్పబోయేలోపే ఫోన్ పెట్టేశాడు.

మరో పది రోజులకు ఇంకో కబురు వచ్చింది. దక్షిణాదిన ఒక జట్టు టార్వర్‌ను ఆటలకు ముందు జరిగే వసంతకాలం సాధన శిబిరానికి రమ్మని నోటిమాటగా చెప్పి ఉంచింది. ఇప్పుడు వద్దంది. అక్కడ ఆటగాళ్లను ఎంపిక చేసే పెద్దమనిషి హాసెక్‌కు తెలిసినవాడే. హాసెక్ ఉండబట్టలేక అతనికి ఫోన్ చేసి, నా వాక్యం వల్లనా అని అడిగాడు. అవతల మనిషి నవ్వాడు. కారణం మోకాళ్లేనన్నాడు. "కాకపోతే మావాళ్లలో ఇద్దరు అతని పక్షాన ఉండేవాళ్లు. నీది చదివాక వాళ్లూ నోరు మూసుకున్నారు. సొంతూరివాడే అలా రాశాక ఇంకేం అంటారు?" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం హాసెక్ టార్వర్ ఇంటికి బయల్దేరాడు. ఏం చెప్పాలో కారులో రెండుసార్లు అనుకున్నాడు. ఇల్లు కనబడేసరికి అదంతా ఎగిరిపోయింది.

టార్వర్ వాకిట్లో పారతో మంచు తీస్తున్నాడు. నాలుగు పారలు ఎత్తి, ఆగి, మోకాలు పట్టుకుని, మళ్లీ ఎత్తుతున్నాడు. హాసెక్‌ను చూసి తల ఊపాడు. మొహంలో కోపం లేదు. అది చూసి హాసెక్‌కు ధైర్యం రావాల్సింది పోయి ఉన్నది కూడా జారిపోయింది. శిబిరం సంగతి విన్నానని, బాధగా ఉందని, ఆ వాక్యం అలా రాయకుండా ఉండాల్సిందని తడబడుతూ చెప్పాడు. టార్వర్ అంతా విన్నాడు.

"నాకొకటి చెప్పు" అన్నాడు. "నా వేలి సంగతి నీకు తెలుసా?"

తెలియదని చెప్పొచ్చు. చెబితే ఈ మనిషి నమ్ముతాడని కూడా హాసెక్‌కు అనిపించింది.

"తెలుసు" అన్నాడు.

"ఎప్పట్నుంచి?"

"సెప్టెంబరు నుంచి."

టార్వర్ పారను మంచులో గుచ్చి దాని మీద రెండు చేతులూ ఆనించాడు. "నీకు తెలీక రాశావనుకున్నాను. ఈ రెండు వారాలూ ఇంట్లో లొరెట్టాతో అదే చెప్తున్నాను. పాపం ఆయనకి తెలీదే, తెలిస్తే అలా రాసే మనిషి కాదే అని."

హాసెక్ సరిదిద్దుతానన్నాడు. మార్వ్ పేరు ఎత్తకుండా, వేలు విరిగినా నలభై మూడు ఆటలు ఎలా ఆడావో రేపే రాస్తానన్నాడు.

"రాయి. దెబ్బ దాచిపెట్టి ఆడినవాణ్ణి ఏ జట్టు పిలుస్తుంది? కోచ్ పనికైనా రమ్మంటారా? ఎవరు చెప్పారని మేనేజరు ఆరా తీస్తే మార్వ్ తప్ప ఇంకెవరున్నారు? మేం ఇద్దరం మునుగుతాం. నీ మనసు మాత్రం తేలికపడుతుంది." టార్వర్ గొంతు మొదటిసారి గరుకెక్కింది. "నీకు రాయడం తప్ప ఇంకేం రాదా?"

తలుపు తీసుకుని టార్వర్ భార్య లొరెట్టా గడప మీదికి వచ్చింది. హాసెక్‌ను లోపలికి రమ్మనలేదు. "మీరు వెళ్తే ఆయన లోపలికొస్తారు" అంది నెమ్మదిగా. "ఆ మోకాళ్లకి చలి పడదు."

అతను వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే ఎడిటర్ వెర్నన్ స్ట్రౌబ్ గదిలోకి వెళ్లి, టార్వర్ గురించి సవరణ వేయాలన్నాడు. స్ట్రౌబ్ కళ్లజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు.

"ఏం సవరిద్దాం? పేరు తప్పు పడిందా? అంకె తప్పా? నీ అభిప్రాయం నువ్వు రాశావు. అభిప్రాయానికి సవరణేంటయ్యా?"

అసలు కారణం చెప్పడానికి లేదు. వచ్చే ఏడాది నుంచి జాబితా రాయనని మాత్రం చెప్పాడు హాసెక్. ఫిబ్రవరికి ఇంకా ఏడాదుంది, అప్పటికి నువ్వే మారతావు అని స్ట్రౌబ్ తేలిగ్గా తీసిపారేశాడు. అతను మారలేదు. మరుసటి ఏడు ఆ పని వేరొకరికి అప్పగించారు. హాసెక్ ఏమయ్యాడంటూ రెండు వారాలు ఉత్తరాలు వచ్చి, ఆ తర్వాత ఆగిపోయాయి.

ఆ 1986 ఏప్రిల్‌లో ఆటలు మొదలయ్యాయి. కొత్త క్యాచర్ మొదటి వారంలోనే నాలుగు బంతులు స్టాండ్స్‌లోకి కొట్టాడు. ఊరు ఊగిపోయింది. కానీ బంతి వేసే కుర్రవాళ్లకు కాలూ చేయీ ఆడలేదు. ఏ బ్యాటర్‌కు ఎక్కడ వేయాలో వేలి సైగతో చెప్పేవాడు, కంగారు పడినప్పుడు నడిచి వెళ్లి మందలించేవాడు ఇప్పుడు లేడు. మే నెలాఖరుకు ఫెర్రీమెన్ అట్టడుగున ఉంది. బెర్నిస్ గోడ మీది కాగితం పీకేసింది. "మూడో స్థానమన్నావు. కిందినుంచా, పైనుంచా? కిందినుంచే అయినా ఇంకా రెండు మెట్లు ఎక్కాలి" అని కాఫీ పోస్తూ ఎత్తిపొడిచింది. పొగడ్త కన్నా ఆ ఎత్తిపొడుపే అతనికి హాయిగా అనిపించింది.

టార్వర్ విలువ తేల్చడంలో తను పొరబడ్డానని హాసెక్ ఒక వ్యాసం రాశాడు. వేలి మాట లేదు. అది నిజమే గాని సగం నిజం. ఆ వాక్యం మాత్రం పొరబడి రాసింది కాదు. తెలిసే రాశాడు. ఆ సగం తనలోనే ఉండిపోయింది. వ్యాసానికి వచ్చిన ఉత్తరం ఒక్కటే. జట్టు ఓడుతుంటే ఇప్పుడు ప్లేటు ఫిరాయిస్తున్నావా అని మిల్లు మనిషి ఎవరో రాశాడు. మార్వ్ మాట్లాడలేదు. స్టేడియంలో ఎదురుపడితే కట్ల డబ్బా పట్టుకుని పక్కకు తప్పుకునేవాడు.

జూన్‌లో టార్వర్ ఇల్లు అమ్ముడైందని తెలిసింది. ఓక్లహోమాలో భార్య పుట్టిన ఊరి హైస్కూల్లో పిల్లలకు ఆట నేర్పే పని దొరికిందట. సామాను ఎత్తే రోజు కనుక్కుని హాసెక్ వెళ్లాడు. ఈసారి చెప్పాల్సినదేమీ అనుకోకుండా వెళ్లాడు.

వాకిట్లో అద్దె ట్రక్కు వెనక తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. వస్తానన్న మనుషులు రాలేదు. టార్వర్, లొరెట్టా కలిసి సోఫాను గుమ్మం దాకా తెచ్చి అక్కడే ఇరుక్కుపోయి ఉన్నారు. టార్వర్ తల తిప్పి హాసెక్‌ను చూశాడు.

"ఆ చివర పట్టుకో" అన్నాడు.

లొరెట్టా వదిలేసి పక్కకు జరిగింది. హాసెక్ కోటు విప్పి గడ్డి మీద పడేసి సోఫా ఎత్తాడు. "ఎడమకి. ఇంకా. ఆగు. ఇప్పుడు కిందికి దించు" అని టార్వర్ చెబుతుంటే అలాగే చేశాడు. సోఫా బయటికి వచ్చింది. తర్వాత ఫ్రిజ్, మంచం, బట్టల బీరువా, పదకొండేళ్ల పెట్టెలు. మెట్ల దగ్గర ప్రతిసారీ టార్వర్ మోకాలు పట్టేసేది. అతను పళ్లు కరుచుకుని నిలబడేవాడు. హాసెక్ బరువు మోస్తూ ఎదురుచూసేవాడు. రెండు గంటలు పట్టింది. మధ్యలో లొరెట్టా ఇద్దరికీ కాగితం గ్లాసుల్లో నీళ్లిచ్చింది. అతనికి ఇస్తున్నప్పుడు మొహం చూడలేదు.

చివరి పెట్టె ఎక్కాక హాసెక్ చెమట తుడుచుకుంటూ, "ఎమ్మెట్, నేను..." అని మొదలుపెట్టాడు.

"వద్దు" అన్నాడు టార్వర్. కసరలేదు. అలసిపోయి ఉన్నాడంతే. ట్రక్కు తలుపు గడియ వేసి, సరిగా పడిందో లేదో రెండుసార్లు లాగి చూశాడు. లొరెట్టా ఎక్కాక అతను నెమ్మదిగా, ఒక కాలు ముందు పెట్టి రెండోది చేత్తో ఎత్తి పెట్టుకుని, డ్రైవరు సీటులోకి ఎక్కాడు. చేయి ఊపలేదు. ట్రక్కు వీధి చివర ఆగి, దారి ఖాళీ అయ్యాక కుడివైపు తిరిగింది.

హాసెక్ గడ్డి మీది కోటు తీసి దులిపాడు. నడుము పట్టేసింది. ఖాళీ ఇంటి తలుపు తెరిచే ఉంటే దగ్గరగా వేశాడు. తర్వాత కారెక్కి స్టేడియానికి బయల్దేరాడు. ఆ సాయంత్రం ఆట ఉంది, రాయాలి.