ముక్కు చక్రమా, తోక చక్రమా

మా అన్నయ్య సగం కట్టి వదిలేసిన విమానానికి చక్రాలు ఎక్కడ పెట్టాలో ఈ ఆదివారంలోపు తేల్చెయ్యాలంది పిచ్చుక. పిచ్చుక మా అన్నయ్య కూతురు. ముప్పయ్యేళ్ళొచ్చినా, పళ్ళ డాక్టరై ఊళ్ళోవాళ్ళ నోళ్ళన్నీ తెరిపిస్తున్నా, వాళ్ళ నాన్న పెట్టిన ముద్దుపేరు మాత్రం దాన్ని వదల్లేదు. మొన్నీమధ్యే పైలట్ లైసెన్సు కూడా తెచ్చుకుంది. ఇక విమానం పూర్తి చేస్తానంటోంది. అది ఆరేళ్ళుగా నా షెడ్డులో, రెక్కలు లేకుండా, రెండు చెక్కబల్లల మీద పడుకుని ఉంది. ఇద్దరు పట్టే బుల్లి విమానం. విడిభాగాలు పెట్టెల్లో తెప్పించుకుని ఇంట్లో బిగించుకునే రకం.

ఇలాంటివాటికి చక్రాలు రెండు రకాలుగా పెట్టొచ్చు. రెక్కల కింద రెండు, తోక కింద చిన్నది ఒకటి పెడితే, విమానం ముక్కు పైకెత్తి దర్జాగా కూర్చుంటుంది. గడ్డి నేలైనా గతుకుల నేలైనా లెక్కచెయ్యదు. కానీ బరువు పెద్ద చక్రాలకి వెనక ఉండటంతో, నేల మీద పరిగెత్తేటప్పుడు తోక ముందుకి రావాలని చూస్తుంది. పూర్తిగా ఆగేదాకా రెండు కాళ్ళతో పెడళ్ళు తొక్కుతూ దాన్ని అదుపులో పెట్టాలి. మూడో చక్రాన్ని ముక్కు కింద పెడితే ఆ గొడవ లేదు. కాస్త వంకరగా దిగినా తనంతట తనే తిన్నగా అవుతుంది. పెద్ద చక్రాల కాళ్ళు ఒక్కో రకానికి ఒక్కో చోట బిగించాలి కాబట్టి ముందే తేల్చుకుని బెజ్జాలు వెయ్యాలి. బెజ్జం పడ్డాక మనసు మార్చుకోవడం కుదరదు.

నేను విమానాల మెకానిక్‌ని. ఎవరైనా ఈ మాట కదిపితే గంటసేపు వాయించి వదిలిపెడతాను. పిచ్చుక అడిగితే మాత్రం నాకు నోరు పెగల్లేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే బాపతు నేను.

అన్నయ్య పోయింది తోక చక్రం విమానంలోనే. ఈ షెడ్డు గుమ్మంలోంచి కనబడే రన్‌వే మీదే. ఆ రోజు పక్కగాలి కొంచెం ఎక్కువగా ఉంది. అన్నయ్య బాగానే దిగాడు, సగం దూరం తిన్నగానే పరిగెత్తించాడు. అంతలో తోక గిర్రున తిరిగింది. రెక్క నేలకి తగిలి విమానం బోర్లా పడింది. విచారణకి వచ్చినవాళ్ళు కాగితం మీద ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకున్నారు: పైలట్ సకాలంలో పెడల్ తొక్కలేదు.

అప్పట్నుంచి అన్నయ్య నన్ను వదిలిపెట్టలేదు. దయ్యమై పీడిస్తున్నాడని కాదు, ఆయనకి బతికున్నప్పుడే అంత తీరిక లేదు. గొంతు మాత్రం వినిపిస్తుంది. ఎక్కడైనా చిన్న చక్రం తిరిగితే చాలు. ఆస్పత్రిలో స్ట్రెచర్, దుకాణంలో సామాన్ల బండి, ఎవరి చేతిలోనో సూట్‌కేసు. "ఇది తిరిగి చావదురా" అంటాడు విసుగ్గా, నడుం పట్టుకున్నప్పటి గొంతుతో. పట్టపగలు, పదిమందిలో. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. ఇంట్లో నా కుర్చీకున్న చక్రాలు పీకేశాను. మా ఆవిడ నాకు పిచ్చి పట్టిందనుకుంది. పట్టింది కూడా.

శనివారం మధ్యాహ్నం పిచ్చుక డ్రిల్లు పట్టుకుని వచ్చింది.

"తేల్చేశాను బాబాయ్. ముక్కు చక్రమే."

నాకు ప్రాణం లేచొచ్చింది. "మంచి పని చేశావమ్మా" అన్నాను. అక్కడితో ఊరుకుని ఉంటే ఈ కథే లేదు.

"తోక చక్రమే వెయ్యాలని ఉండేది. కానీ ముప్పయ్యేళ్ళు నడిపిన నాన్న కాళ్ళే ఆడకపోతే, నా కాళ్ళెంత?" అంది పిచ్చుక, బల్ల కింద వైరు వెతుకుతూ. "అమ్మయితే తప్పంతా తనదేనంటుంది. ఆ పొద్దున తను తిట్టి పంపిందట. ఆ పరధ్యానంలో నాన్న తొక్కడం మర్చిపోయాడట. అన్నం ముందు కూర్చున్న ప్రతిసారీ ఇదే మాట."

నాకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. నోరు మూసుకుంటే పిల్ల క్షేమంగా ఉంటుంది, చచ్చిపోయిన అన్నయ్య, బతికున్న వదిన తప్పు మోస్తూనే ఉంటారు. నోరు విప్పితే ఇది మొండిగా తోక చక్రమే బిగిస్తుంది. పైగా నా మొహం చూడదు. మొహం చూడదన్న భయమే నన్ను ఆరేళ్ళు ఆపింది. గొప్పలు చెప్పుకోను.

"గుర్తు నువ్వు పెట్టు, బెజ్జం నేను వేస్తా" అని నా చేతికి పెన్సిలిచ్చి, మూలనున్న పనిముట్ల బండిని దగ్గరికి లాగింది. దాని చక్రం కిర్రుమంది. 'ఇది తిరిగి చావదురా' అన్నాడు అన్నయ్య, నా చెవి పక్కనే.

"డ్రిల్లు కింద పెట్టు పిచ్చుకా. మీ నాన్న తొక్కాడు."

"ఏంటి?"

"సరిగ్గానే తొక్కాడు. తోక చక్రంలో ఒక పిన్ను ఉంటుంది. అది గాడిలో ఉన్నంతసేపూ చక్రం పెడల్ చెప్పినట్టు వింటుంది. షెడ్డులోకి తోసేటప్పుడు చక్రాన్ని బాగా పక్కకి తిప్పితే పిన్ను జారుతుంది, అప్పుడు ఎటైనా తిరుగుతుంది. మీ నాన్నకి నడుం నొప్పి. ఆ పిన్ను తొందరగా జారేది కాదు, తోక ఎత్తి తిప్పలేక రోజూ తిట్టుకునేవాడు. చూడలేక నేను పిన్ను అంచు ఆకురాయితో కాస్త అరగదీశాను, తేలిగ్గా జారుతుందని. ఆయనకి చెప్పలేదు. ఆ రోజు గాలికి గట్టిగా తొక్కాడు, పిన్ను జారిపోయింది. తొక్కబట్టే జారింది."

పిచ్చుక డ్రిల్లు బల్ల మీద పెట్టింది. "చేసిన ప్రతి పనీ విమానం పుస్తకంలో రాయాలిగా. రాశావా?"

"లేదు. రెండు రుద్దులకి రాతేంటి అనుకున్నాను. తర్వాత, విచారణవాళ్ళు రాకముందే, ముక్కలు ఏరేటప్పుడు ఆ పిన్ను నేనే తీసి పారేశాను."

"అమ్మ ఏడుస్తుంటే చూస్తూనే ఉన్నావు."

"నేనే ఓదార్చాను."

గుమ్మం బయట రన్‌వే మీద ఎండ కాస్తోంది. పిచ్చుక కళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చింది. నాకు ఆ క్షణంలో భయమొక్కటే, అది కూడా దాని గురించే.

"ఇప్పుడు తోక చక్రం వేస్తావా?" అని అడిగాను.

"వెయ్యాలనే ఉంది. నాన్న తప్పు లేదని తెలిశాక అదే వెయ్యాలి." పెన్సిలు నా వేళ్ళలోంచి తీసుకుంది. "కానీ తోక చక్రం పని తెలిసినవాడివి ఈ చుట్టుపక్కల నువ్వొక్కడివే. ముక్కు చక్రమైతే ఎవరైనా చూస్తారు."

తనే కొలుచుకుంది, తనే గుర్తులు పెట్టుకుంది. అలవాటు కొద్దీ విమానం రేకు పట్టుకోబోయాను.

"ముట్టుకోకు బాబాయ్" అంది. కోపంగా కూడా కాదు. పన్ను పీకించుకోవడానికి వచ్చినవాళ్ళతో మాట్లాడే గొంతుతో అంది. తిట్టి ఉంటే బాగుండేది.

నేను గుమ్మం దాకా వెళ్ళాక వెనక నుంచి పిలిచింది.

"అమ్మ ఇంట్లోనే ఉంది. వెళ్ళి నువ్వే చెప్పు."

"చెప్తాను."

"ఏమన్నా పడు. ఈసారి మాత్రం అమ్మని ఓదార్చకు" అని, డ్రిల్లు చేతిలోకి తీసుకుంది.