గమ్ము లేని అతుకు

క్యాను మూతి చిన్నది, లోపలికి చెయ్యి పట్టదు. అందుకే గుప్పెడు రాళ్ల ఉప్పు వేసి, చెంబెడు నీళ్లు పోసి, అరచేత్తో మూతి మూసి ఊపుతున్నాను. ఉప్పు గరగరమంటూ తిరుగుతోంది. అడుగున పట్టిన పాచి ఇట్లయితేనే వదులుతుంది.

“ఎంతసేపు ఊపుతావే రాధా? ఉప్పంతా కరిగిపాయ,” అంది అత్త అరుగు మీద నుంచి. “యేసుమణి నీళ్ల ప్లాంటు కట్టేసిందంటే మళ్లీ సాయంత్రమే.”

“పోతున్నా అత్తా.”

పాచి ఎప్పుడో వదిలింది. మేకల మెడగంటలు ఇంకా వినపడలేదు. అందుకే ఊపుతున్నాను.

మా ఊరు రాచర్ల నుంచి కొండ వైపు వచ్చే దారిలో ఉంది. బోరు నీళ్లు తాగితే పళ్లు పసుపెక్కుతాయి, మోకాళ్లు పట్టేస్తాయి. తాగే నీళ్లకు ఊరి చివర రేకుల షెడ్డులో ఉన్న ప్లాంటే దిక్కు. ఆ మిషను మంచి నీళ్లు ఒక గొట్టంలోకి, పనికిరాని నీళ్లు ఇంకో గొట్టంలోకి వదులుతుంది. ఆ రెండో గొట్టం కింద, ప్లాంటు నడిపే యేసుమణక్క ఒక రాతితొట్టి పెట్టించింది. పొద్దున్నే కొండకు పోయే మేకలు అక్కడ ఆగి తాగుతాయి. ఆ మేకల వెనక మా అమ్మ ఉంటుంది.

గంటలు వినపడగానే క్యాను బోర్లించి, నీళ్లు పారబోసి బయల్దేరాను.

అమ్మ తొట్టి పక్కన కర్రకు గడ్డం ఆనించి నిలబడి ఉంది. నన్ను చూడగానే కొంగు ముడి విప్పి కొండలో కోసిన కలే పండ్లు నా చేతిలో పోసింది.

“ఏందే, మొగం అట్ల పీక్కపోయింది? మీ అత్త కూడు పెట్టడం లేదా?”

“పెడతాంది. నాకే లోపల నిలవడం లేదు.”

“ఏం తినాలనిపిస్తాంది?”

“మన్ను.”

“థూ! నా దగ్గర మన్ను మాటెత్తొద్దు. ఒకసారి మన్నెత్తినందుకే ఇంతకాలం అనుభవిస్తాన్నా,” అంది అమ్మ. అని, తానే నవ్వింది. నాకూ నవ్వొచ్చింది.

లోపలి నుంచి యేసుమణక్క కేకేసింది. “కుళాయి సగమే తిప్పినాలే. క్యాను నిండేదానికి శానాసేపు పడతాది. మాట్లాడుకోండి.”

అమ్మ మన్నెత్తింది మా గుమ్మం ముందరే. నా పెళ్లయిన మరుసటి ఎండాకాలం, అమ్మ మేకలు మా మామ ఓబయ్య కంది చేలో పడ్డాయి. మామ వాటిని తోలుకుపోయి మోటారు షెడ్డులో పెట్టి గడియ వేశాడు. వియ్యపురాలి మేకలని తెలిసే వేశాడు. సాయంత్రం తలుపు తీసేసరికి రెండు పిల్లలు నీళ్లు లేక చచ్చిపడి ఉన్నాయి. అమ్మ వాటిని చెరో చంకన పెట్టుకుని వచ్చి, మా వాకిట్లో దించి, వీధంతా చూస్తుండగా దోసిలి నిండా మన్ను తీసి ఇంటి మీద పోసింది. నోటికొచ్చినవన్నీ అంది. నెల తిరక్కుండా మామ పోయాడు. గుండె అని మార్కాపురంలో డాక్టరు చెప్పాడు. అత్త మాత్రం మన్ను అంది.

నా భర్త శివకృష్ణ అప్పుడు ఖతర్‌లో ఉన్నాడు. అతను వచ్చేసరికి తండ్రి లేడు, బూడిదే ఉంది. వచ్చిన రోజు నన్ను పక్కకు పిలిచి, “మీ అమ్మ ఈ ఇంటికి రాగూడదు, నువ్వు ఆమెను చూడగూడదు. మా అమ్మ బతికున్నంత కాలం ఇంతే,” అన్నాడు. కోపంగా చెప్పి ఉంటే ఎదురు చెప్పేదాన్నేమో. ఏడుస్తూ చెప్పాడు.

అమ్మకు ఫోను లేదు. అందుకని నాకు మిగిలింది ఆ తొట్టి, ఆ క్యాను నిండేంతసేపు.

శివ పోయిన ఏడు ఖతర్ మానేసి వచ్చాడు. ఇప్పుడు గిద్దలూరులో కొత్త ఇళ్లకు నీళ్ల పైపులు వేస్తున్నాడు. వచ్చేటప్పుడు పెట్టెలో పొడుగాటి పిడులున్న ఇనుప పట్టకారు ఒకటి తెచ్చుకున్నాడు. “అందరి కొడుకులూ సెంట్లు, కంబళ్లు తెస్తే నా కొడుకు అడకత్తెర తెచ్చినాడు. దీంతో వక్క కాదు గదా, ఏనుగు కాలైనా తెగుతాది,” అని అత్త వచ్చినవాళ్లందరికీ చూపించింది.

నాకు ఐదో నెల పడిన వారానికే అతను హైదరాబాదు నుంచి పైపు తెప్పించాడు. మన దుకాణాల్లో దొరికే, కట్టెలా బిగుసుకుని ఉండే పైపు కాదు. తాడులా చుట్ట చుట్టి వచ్చింది, ఎటు వంచితే అటు వంగుతుంది. బోరు నీళ్లకు ఇంటిపైన ట్యాంకు, వంటింట్లో గోడకు నీళ్లు శుభ్రం చేసే మిషను, అక్కడి నుంచి కుళాయి.

“ఇంక ఆ క్యాన్లు మోసేది ఏంది నీకు?” అన్నాడు. “నువ్వు గడప దాటే పని లేకుండా చేస్తా, చూస్తుండు.”

అతని ముఖం వెలిగిపోతోంది. నేను తలూపాను.

పక్కింటి మేస్త్రీ చెన్నయ్య మామ పైపును చేత్తో నలిపి చూశాడు. “గమ్ము పూయకుండా అతుకు ఎట్ల నిలుస్తాది శివా?”

“గమ్ము మన ఎండకు పగుల్తాది మామా. దీనికి రాగి రింగు. ఒకసారి పట్టుకుందంటే ఇంక వదలదు.”

“వదిలించాలంటే?”

“వదలదు. కోసి పారెయ్యాల్సిందే.”

“నా పెండ్లి మాదిరి,” అన్నాడు చెన్నయ్య మామ. అత్త కూడా నవ్వింది.

మర్నాడు తొట్టి దగ్గర అమ్మతో చెప్పాను.

“ఇంట్లోకే నీళ్లు వస్తాయంట. పైపు వేస్తున్నాడు.”

“మంచిదే గదా. మోత తప్పింది. పిల్లోడు బుద్ధిమంతుడే,” అంది అమ్మ. ఒక మేక పక్కదాన్ని పొడుస్తుంటే కర్రతో అదిలించింది. కాసేపటికి నా వైపు చూడకుండానే అడిగింది. “అయితే ఇంక రావా?”

క్యాను నిండి పొర్లుతోంది. ఆ రోజు యేసుమణక్క కుళాయి కట్టెయ్యలేదు.

ఆదివారం శివ పని మొదలుపెట్టాడు. నేను సామాన్లు అందించాను. చూసి చూసి పని నాకూ తెలిసింది. పైపును అడ్డంగా, వంకర లేకుండా కత్తిరించాలి. ముందు రింగు తొడగాలి, తర్వాతే పైపులను కలిపే పళ్ల ఇత్తడి ముక్కను పైపులోకి నెట్టాలి. రింగును వెనక్కి జరిపి, పైపు అంచుకు గోరు మందం దూరంలో నిలపాలి. పట్టకారు నోరు దాని చుట్టూ బిగించి, పిడులు రెండూ ఒకదానికొకటి తగిలేదాకా నొక్కాలి. అప్పుడు గాడి ఉన్న చిన్న రేకు ముక్కతో రింగును కొలవాలి. రింగు గాడిలో దూరితే అతుకు గట్టిది. నొక్కిన ప్రతిసారీ శివ మెడ నరాలు ఉబ్బేవి.

చివరి అతుకు వంటింటి మూలలో, గోడలో చెక్కిన సందులో పడింది. అతను నేల మీద పక్కకు పడుకుని, తలను మిషను కింద దూర్చి నొక్కాడు. నేను ఇటు పక్క టార్చి పట్టుకున్నాను. రేకు పెట్టి చూశాడు, దూరింది.

“నా పక్కన బాగుంది. నీ పక్కన ఎట్లుంది?”

నా పక్కన బాగాలేదు. నొక్కేటప్పుడు రింగు జారింది. గోరు మందం ఉండాల్సిన చోట వేలు దూరేంత సందు ఉంది. ఇత్తడి ముక్క పళ్ల మీద కాకుండా, వాటి వెనక ఒట్టి పైపును పట్టుకుంది. అది అతనికి కనపడదు. నేను చెప్పకపోతే సాయంత్రం చెన్నయ్య మామ వచ్చి సిమెంటు పూసేస్తాడు. ఎప్పుడో ఒక రోజు అది ఊడుతుంది. గోడ పగలగొట్టాలి, నీళ్లు కట్టెయ్యాలి. నేను క్యాను తీసుకుని ప్లాంటుకు పోవాలి.

“ఏందే, పలకవు? పడుకుండావా?”

టార్చి పట్టుకున్న చెయ్యి మార్చుకున్నాను.

ఆ గోడకు అవతల అత్త మంచం. ఆమె తల పెట్టుకునే చోటు సరిగ్గా అక్కడే, ఊడితే నీళ్లు చిమ్మేది ఆమె మీదికే.

“రింగు వెనక్కి జారింది,” అన్నాను.

అతను పాక్కుంటూ ఇటు వచ్చి చూశాడు. “అబ్బ! నువ్వు చూడకపోతే కొంప మునిగేది,” అని నా బుగ్గ గిల్లాడు. వేలికున్న మసి అంటింది. ఆ ముక్క కోసి పారేసి, కొత్త రింగు తొడిగి మళ్లీ నొక్కాడు. ఈసారి సరిగ్గా కూర్చుంది. ట్యాంకులోకి ఇంకా నీళ్లు ఎక్కించలేదు. సైకిలు పంపుతో పైపుల్లోకి గాలి కొట్టి, అతుకు అతుకుకూ సబ్బు నురగ పూశాడు. ఒక్క బుడగ కూడా లేవలేదు.

కుళాయి వచ్చిన రోజు వీధిలో ఆడవాళ్లంతా వచ్చి గ్లాసు గ్లాసు తాగిపోయారు. శివ క్యాన్లు రెండూ మోటారు సైకిలు మీద పెట్టుకుని పోయి యేసుమణక్కకు ఇచ్చేశాడు.

ఆ తర్వాత నేను వీధి చూడలేదు.

దుకాణానికి పోయొస్తానంటే, “శివకు ఫోను చెయ్యి, వచ్చేటప్పుడు తెస్తాడు,” అంది అత్త. చెత్త పారబోసి వస్తానంటే, “బండి వాకిట్లోకే వస్తాది గదమ్మా,” అంది. విసుక్కోలేదు. నా ముందుకు పీట జరిపి, కూర్చో అంది. కాళ్లకు నూనె రాసింది. పొట్టలో బిడ్డ కదిలిందా అని రోజూ అడిగింది. నేను ఏమని గొడవ పడాలి?

పొద్దున్నే బట్టలు ఆరేసే వంకతో ట్యాంకు దగ్గరికి ఎక్కేదాన్ని. చెన్నయ్య మామ కట్టుకున్న పై అంతస్తు అడ్డం, ప్లాంటు కనపడదు. గంటలు మాత్రం వినపడేవి. తొట్టి దగ్గర ఆగేవి. మేకలు తాగడానికి పట్టే సేపు నాకు తెలుసు. ఆ సేపు అయిపోయాక కూడా గంటలు అక్కడే మోగేవి. తడి బట్ట చేతిలో పట్టుకుని వినేదాన్ని. కింద నుంచి అత్త పిలిచేది. “ఎండకు నిలబడొద్దే, కండ్లు తిరుగుతాయి.”

ఒక రోజు గంటలు తొట్టి దగ్గర ఆగలేదు.

మా వీధిలోకి తిరిగాయి. నేను మెట్లు దిగేసరికి గేటు బయట మేకలు నిండిపోయి ఉన్నాయి. చెన్నయ్య మామ ఇంటి ముందు వేపచెట్టు రెమ్మలు అందుకుంటున్నాయి. శివ గిద్దలూరు పోయాడు. అత్త అరుగు మీద కూర్చుని చేటలో కందులు ఏరుతోంది.

“ఎవరమ్మా ఇంట్లో? మేకల దాన్ని,” అంది అమ్మ. ఎవరో ముక్కూ మొగం తెలియని మనిషి గొంతు పెట్టి అంది. “గొంతెండుతాంది తల్లీ. కాసిన్ని నీళ్లు పొయ్యండి.”

మేకల వాళ్లు నీళ్లడిగితే మా వైపు ఎవరూ లేదనరు. అమ్మ ఆ మాట పట్టుకుని వచ్చింది.

అత్త చెయ్యి చేటలో ఆగింది. నేను ఆమె ముఖం చూశాను. ఆమె నన్ను చూడలేదు. ఒక రాయి ఏరి పక్కన పడేసింది. ఆమె వద్దనలేదు గదా అని లోపలికి పోయి, కుళాయి తిప్పి చెంబు పట్టాను. నీళ్లు ధారగా, చప్పుడు లేకుండా వచ్చాయి.

అమ్మ గేటు లోపలికి అడుగు పెట్టలేదు. వంగి దోసిలి పట్టింది. నేను పోస్తున్నాను. సగం నీళ్లు మోచేతుల మీదుగా కారిపోతున్నాయి. తాగుతూనే కళ్లెత్తి నా పొట్ట చూసింది. నా కాళ్ల వాపు చూసింది. మళ్లీ పొట్ట చూసింది.

“ఎన్నుండాయి మేకలు?” అంది అత్త. చేటలోని కందులను అడిగినట్టు అంది.

“పదమూడు వదినా. ఆ రెండూ ఉండుంటే ఈపాటికి...” అమ్మ ఆగిపోయింది. వదినా అనకూడదు. ఆ రెంటి మాటా అనకూడదు. రెండూ నోరు జారాయి.

మేకలు రెమ్మలు లాగుతున్నాయి. చెంబు నా చేతిలో వాలిపోయి, నీళ్లు నేల మీద పడుతున్నాయి.

“తగువుకు రాలేదు వదినా,” అంది అమ్మ, ఈసారి తన గొంతుతోనే. “పిల్ల ప్లాంటు కాడికి రావడం మానేసింది. ఏమైందో అని పానం నిలవలేదు. చూసినా గదా. పోతా.”

ఇన్నాళ్లూ దాచింది ఆ ఒక్క మాటతో బయటపడింది. అత్త తలెత్తి నన్ను చూసింది. అమ్మ చేతుల వంక చూసింది. ఆ చేతులు ఇంకా తడిగానే, దోసిలిగానే ఉన్నాయి.

“మా ఇంటాయన పోయేటప్పుడు నీళ్లే అడిగినాడు,” అంది అత్త. “చెంబు తీసుకుని వచ్చేలోపల పాయ.”

అమ్మ దోసిలి విడిపోయింది.

అత్త చేట కింద పెట్టింది. మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. కొంగు తల మీదికి లాక్కుని, చెప్పులు వెతుక్కుని తొడుక్కుంది. వాకిలి దాటి మా వైపే వస్తుంటే, గేటు వేయడానికని అనుకున్నాను. అమ్మా అట్లే అనుకున్నట్టుంది, ఒక అడుగు వెనక్కి వేసింది. అత్త మా ఇద్దరి మధ్య నుంచి, ఎవరికీ కొంగు తగలకుండా జరిగి, మేకలను చేత్తో పక్కకు తోసుకుంటూ వీధిలోకి నడిచింది. గేటు వెయ్యలేదు, వెనక్కి చూడలేదు. గేటు దగ్గర అమ్మా నేనూ మాత్రమే మిగిలాం.