సగం దాటాకే పలికేది

చిటపట... చిటపట...

ఎండుటాకుల మీద ఎవరో నడుస్తున్నట్టు.

పాట కంటే ముందు వినిపించేది ఆ చప్పుడే. నా మిక్సర్‌కి గొంతు సవరించుకునే అలవాటు.

పదకొండేళ్ల కిందట కొన్నాను, దుకాణంలో ఉన్నవాటిలోకెల్లా చవకైనది. ఒక పాటను దించి ఇంకో పాటను లేపే పెట్టె. నేను డీజేని. నాకు అదే దిక్కు.

మెట్ల మీంచి దొర్లింది. చావలేదు.

వానలో నానింది. చావలేదు.

ఎవరో దాని మీద కూల్‌డ్రింక్ ఒంపారు. రెండు రోజులు అలిగి, మూడో రోజు పలికింది.

దరువు బరువు పెంచే బేస్ బిళ్ల ఊడిపోతే పెన్ను మూత తొడిగాను. హెడ్‌ఫోన్ దూర్చేచోట మడిచిన కాగితం కుక్కాను. ఎడమ ఫేడర్ మాత్రం — పాటను పైకి లేపే ఆ జారుడు మీట — సగం దాకా మూగది. సగం దాటాకే పలుకుతుంది. అందుకని ఒక్క ఊపులో దాటించేస్తాను. చూడక్కర్లేదు. బొటనవేలికి తెలుసు.

"అది చావదు, నిన్ను బతకనివ్వదు," అనేవాడు అన్నయ్య.

నవ్వేదాన్ని.

నిన్న, ఆదివారం పొద్దున, స్కేటింగ్ హాల్లో నాకు పరీక్ష. నెగ్గితే ఏడాది పొడవునా పని. లేకపోతే అన్నయ్య పనిచేసే గోడౌన్లో అట్టపెట్టెలకు టేపు వేయాలి. నాకు ముప్ఫై ఎనిమిది. ఇంకో హాలు పిలవదు. ఆ సంగతి నాకు తెలుసు, అన్నయ్యకూ తెలుసు.

అక్కడి మిక్సర్ కొత్తది. ఎక్కడా వంక లేదు.

మొదటి పాట కుడి ఫేడర్ మీద హాయిగా సాగింది. రెండోది ఎడమ ఫేడర్ మీద. బొటనవేలు ఒక్క ఊపులో సగం దాటించేసింది.

హాలు దద్దరిల్లింది.

చెవులు మూసుకోబోయి ఒక పెద్దావిడ చక్రాల మీంచి కూలబడింది. గబుక్కున దించాను. మెల్లగా లేపబోయాను. మళ్లీ అదే ఊపు... మళ్లీ అదే మోత...

సిగ్గుతో చచ్చిపోయాను.

మేనేజరమ్మ మంచిది. "కంగారుపడ్డట్టున్నారు. వచ్చే ఆదివారం ఇంకొక్కసారి చూద్దాం. అదే ఆఖరు," అంది.

కంగారు కాదని ఎలా చెప్పను? పదకొండేళ్ల అలవాటని ఎలా చెప్పను?

ఇంకా ఆరు రోజులు. సాధన చేయాలి. దేని మీద? తెలిసిన డీజేలందరినీ అడిగాను. ఎవరి పెట్టె వాళ్లకు కావాలి. ఇంట్లో ఉన్నది ఇదొక్కటే. దీని మీద ఎంత సాధన చేస్తే అంత తప్పు నేర్చుకుంటాను.

ఏడుపొచ్చింది. ఏడ్చాను.

అన్నయ్య మిక్సర్ ప్లగ్ పీకేశాడు. ఫేడర్ దారిలో, పావు వంతు దగ్గర, దెబ్బలకు వేసే ప్లాస్టర్ ముక్క అడ్డంగా అంటించాడు.

"పాట వద్దు, ఏం వద్దు. ఇక్కడ ఆగడం నేర్పు దానికి."

"దేనికి?"

"నీ వేలికే, తల్లీ."

కళ్లు మూసుకున్నాను. మనసులోనే పాట మొదలుపెట్టాను. వేలు కదిలింది... ప్లాస్టర్ తగిలింది...

ఆగు.

ఆగవే, నీకు దణ్ణం పెడతాను —

బొటనవేలు ప్లాస్టర్‌ని చీల్చుకుని సగం దాటిపోయింది.