నూనె రాసిన బెల్టు

రామమోహనరావు అనే ఆ పెద్దమనిషి మా కొట్లోకి వస్తూనే గుడారం గొట్టం ఒకటి లాగి మా తమ్ముడు బాలమల్లు నెత్తి మీద కొట్టాడు. వాడు కౌంటర్ మీద పడ్డాడు. అద్దం పగిలింది, నెత్తురు కొత్త సరుకు మీదకు కారింది. దిల్‌సుఖ్‌నగర్ సందులో క్యాంపింగ్ ఊయలలు అమ్ముకుని బతికేవాళ్లం, మాకిదేం ఖర్మో ముందు అర్థం కాలేదు.

ఆయన అరుపుల్లోంచే సంగతి తెలిసింది. కొత్తపేటలో వాళ్ల మేడ మీద రెండు స్తంభాలకు మా ఊయల కట్టారట. మనవడు శ్రీకర్ ఎక్కి ఊగేసరికి బెల్టు బకిల్‌లోంచి జారిపోయి, పిల్లాడు గచ్చు మీద పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడట. నాసిరకం బకిల్ అంటగట్టారని, మా ఇద్దరినీ చంపి జైలుకెళ్తానని మళ్లీ గొట్టం ఎత్తాడు. తమ్ముడు తలకు చేతులు అడ్డం పెట్టుకుంటే వేళ్లు పటుక్కుమన్నాయి. ఇంకొక్క దెబ్బ తలకు తగిలితే వాడు నాకు దక్కడు. ఆయన చొక్కా పట్టుకుని వెనక్కి గుంజాను. మోచేత్తో నా మూతి పగలగొట్టాడు.

అమ్మిన రోజు అంత విడమరచి చెప్పానే! ఈ బకిల్‌కు పళ్లుండవు, బెల్టు దాని మీద ఒరుసుకునే బరువు ఆపుతుంది, కొస అరచేతికి చుట్టుకుని లాగితే బిగుస్తుంది అని. ఈయన ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. భార్య కుసుమకుమారి మాత్రం శ్రద్ధగా విని, బిగించి చూడబోయింది. నీకేం తెలుసంటూ చేతిలోంచి లాక్కున్నాడు.

అదే బెల్టును ఇప్పుడు నా మొహాన విసిరాడు. పట్టుకుంటే జిడ్డు. పసుపు, కుంకుమ బొట్టు, నువ్వుల నూనె వాసన. నేను నోరు తెరిచేలోపే, వెనకాలే వచ్చి గుమ్మంలో నిలబడ్డ కుసుమకుమారి చెప్పేసింది.

"వాళ్ల తప్పేం లేదండీ. దసరాకి ఇంట్లో ఇనప సామాన్లకి పూజ చేస్తూ, ఆ బకిల్‌కి నూనె రాసింది నేనే."

ఆయన తమ్ముణ్ని వదిలి అటు తిరిగాడు. ఆమె జుట్టు పట్టుకుని షట్టర్ కమ్మీకి మోదాడు. ఆమె కేక వెయ్యలేదు, అలవాటైనదానిలా తల కాచుకుని ముడుచుకుంది. అది చూసి నా ఒళ్లు మండిపోయింది. ఆయన చేతిలో గొట్టం మళ్లీ పైకి లేచింది.

గిరాకీకి చూపించడానికి ఒక బెల్టు ఎప్పుడూ కొట్లో స్తంభానికి కట్టి ఉంచుతాం. దాని ఉచ్చు ఆ లేచిన చేతికి తగిలించి, కొస పట్టుకుని వెనక్కి పడ్డాను. గొట్టం నేల మీద మోగింది.

"ఇది పొడి బెల్టు సారూ. గుంజు, జారుతదేమో చూద్దాం."

గుంజాడు. తిట్టాడు. మణికట్టు మీద తోలు లేచి నెత్తురు కనిపించింది గానీ బెల్టు ఒక్క వేలెడు కూడా జారలేదు. చివరికి గొంతు తగ్గించి, విప్పమని భార్యను పిలిచాడు.

కుసుమకుమారి లేచి పెదవి తుడుచుకుంది. నా చేతిలోని కొసను తను తీసుకుంది. ఆ రోజు నేను చెప్పినట్టే అరచేతికి చుట్టుకుని, కాలు స్తంభానికి తన్నిపెట్టి, ఇంకాస్త బిగించింది.