బొటనగోరంత కప్ప

నాలుగేళ్లు. బొటనగోరంత కప్పకు పేరు పెట్టడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. అయినా పని తెమలలేదు.

మా అమ్మ పుట్టిన కొండ మీద, పైగట్టు నాచులో, మూడు మగకప్పలు దొరికాయి. స్పిరిట్ సీసాలో వేసి రాజధాని పోర్ట్ మోర్స్‌బీలోని మా మ్యూజియానికి తెచ్చాను. వేళ్లు కొలిచాను, పుర్రెకు ఫొటోలు తీయించాను, కొత్త జాతి అని వ్యాసం రాసి సైన్సు పత్రికకు పంపాను. తిరగ్గొట్టారు. అవతలి కొండ మీది కప్పకూ దీనికీ తేడా ఏమిటన్నారు. మళ్లీ పంపితే మళ్లీ అదే పాట. మూడోసారికి, సముద్రం అవతల ఏసీ గదిలో కూర్చుని ఆ పత్రికకు వ్యాసాలు పరిశీలించే ఒక పెద్దమనిషి దారి చూపించాడు. రెండూ చూడ్డానికి ఒకటే, కూత వేరైతే జాతి వేరని ఒప్పుకుంటానన్నాడు. ఆ ముక్క మొదటే ఏడిస్తే ఆయన సొమ్మేం పోయింది?

అప్పటికే కలప కంపెనీ వాళ్లు కొండ కింద గుడారాలు వేశారు. కొత్త జాతి ఉందని అచ్చులో చూపిస్తే వాళ్లను పైగట్టు జోలికి పోనివ్వబోమని అటవీ ఆఫీసు వాళ్లు మాటిచ్చారు. అందుకే కాళ్లు పుళ్లు పడేలా కొండెక్కి, ఐదు సాయంత్రాలు వానలో కూర్చున్నాను. నాలుగు సాయంత్రాలు ఒక్క కప్పా కిక్కురుమనలేదు. ఐదోనాడు పొద్దుగూకే వేళ కూత వినిపించింది. మైకు పట్టుకుని ఏడ్చేశాను.

ఈసారి వ్యాసం ఒప్పుకున్నారు. ఆ కబురు చెబుదామని, నాతో కొండెక్కిన మా మేనమామ తొవాకి వాళ్లింటికి వెళ్లాను. వక్క నములుతూ వాకిట్లో కూర్చున్నాడు. ఫోన్లో కూత వినిపించాను.

మామ వక్క ఉమ్మేసి పడీపడీ నవ్వాడు.

"ఓసి కోడలా, అది నేనేనే!"

"పరాచికాలాడకు మామా."

"పరాచికమేంటే! నువ్వు మొహం ఏలాడేసుకుని కూచుంటే చూళ్లేక, పొదెనకాల నక్కి, ఆకు నాలిక మీదెట్టుకుని కూశాను. చిన్నప్పుడు దాన్ని పలికించి పందేలేసుకునేవాళ్లం. నువ్వేమో తెగ సంబరపడిపోయావు. ఇంకేం చెప్పను?"

"నీకు బుద్ధుందా? ఆ కూత మీదే నా వ్యాసమంతా నిలబడింది!"

"అచ్చం దాని కూతేనే. మా అయ్య నేర్పాడు. ఊరుకో, ఎవడికి తెలుస్తుంది?"

నిజమే, ఎవరికీ తెలియదు. గట్టు కూడా మిగులుతుంది. ఆ ఆశ పుట్టినందుకు నా మీద నాకే ఒళ్లు మండింది.

"పోనీ, నువ్వు కూసినప్పుడు అసలుది ఒక్కటైనా బదులు పలికిందా? రికార్డులో అదొక్కటి దొరికినా చాలు."

మామ నవ్వు ఆగిపోయింది.

"ఒక్కటి పలికుంటే, గొంతు పోయేదాకా నేనెందుకు కూస్తానే?"

అక్కడే కూర్చుని, వ్యాసం వెనక్కి తీసుకుంటున్నానని ఫోన్లో రాశాను. కారణం అడిగిన చోట ఏం రాయాలో తోచక, మామను నోటికొచ్చినట్టు తిట్టాను.